మూడు కాయలు, చేపపొడి మంచు

జర్మనీలో ప్రతి క్రిస్మస్‌కూ టీవీలో వేసే ఆ సిండ్రెల్లా సినిమా పేరెత్తగానే చూసినవాళ్ళకు గుర్తొచ్చేది మంచు. తెల్లటి మైదానం, తెల్లగుర్రం, దాని మీద జుట్టు విరబోసుకుని దూసుకుపోయే పిల్ల. తీసినవాళ్ళకు గుర్తుండిపోయింది మాత్రం కంపు. మంచు పడని రోజుల్లో నేల మీద చల్లింది చేపపొడి. కోళ్ళ దాణాలో కలుపుతారే, అదే. తెర మీద అది ముత్యాల్లా మెరిసింది. తెర ఇవతల పట్టుబట్టలు కట్టుకున్న రాజులూ రాణులూ ముక్కు బిగబట్టుకుని డైలాగులు చెప్పారు.

జర్మన్‌లో దాని పేరు ‘ద్రై హాజెల్‌న్యూస్సె ఫ్యూర్ ఆషెన్‌బ్రోడెల్’. ఆషెన్‌బ్రోడెల్ అంటే మనకు ఇంగ్లీషు పుస్తకాల ద్వారా తెలిసిన సిండ్రెల్లాయే. ఆమె కోసం మూడు హేజెల్ కాయలు (బాదంలా గట్టి చిప్ప ఉండే చిన్న కాయలు), అంతే పేరు. 1973లో తూర్పు జర్మనీ డెఫా స్టూడియో, చెకొస్లొవేకియా బారాందోవ్ స్టూడియో కలిసి తీశాయి. దర్శకుడు వాత్స్లావ్ వోర్లీచెక్. చెకొస్లొవేకియాలో 1973 నవంబరులో, తూర్పు జర్మనీలో 1974 మార్చిలో థియేటర్లకు వచ్చింది. 1975 డిసెంబరు 26న పశ్చిమ జర్మనీ ఏఆర్‌డీ ఛానల్లో వేశారు. బెర్లిన్ గోడకు అవతల తీసిన సినిమా ఇవతలి పిల్లలకు కూడా క్రిస్మస్ సినిమా అయిపోయింది. ఆ రోజు తివాచీ మీద బోర్లాపడుకుని చూసిన పిల్లలు ఇవాళ తాతలూ అమ్మమ్మలూ. ఇప్పటికీ డిసెంబరు పడగానే టీవీ పత్రికలో ఈ సినిమా ఏ ఛానల్లో ఏ రోజు వస్తుందో చూసి పెన్నుతో గుర్తు పెట్టుకునే ఇళ్ళున్నాయి. ఒక ఛానల్లో తప్పిపోతే కంగారేం లేదు. ఎండీఆర్, డబ్ల్యూడీఆర్, ఎన్‌డీఆర్ లాంటి ప్రాంతీయ ఛానళ్ళు కూడా ఆ రెండు మూడు వారాల్లో మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉంటాయి.

చూసే తీరు దేశానికొకటి. జర్మనీలో 24 సాయంత్రం చాలా ఇళ్ళల్లో వంట పెద్దగా ఉండదు. బంగాళాదుంపల సలాడ్, ఉడికించిన సాసేజీలు, అయిపోయింది. డ్రెస్డెన్ వైపైతే పైన పంచదార పొడి దట్టంగా అద్దిన ష్టోలెన్ రొట్టె ముక్కలు పళ్ళెంలో ఉంటాయి. ఆ పొడి సోఫా మీద రాలుతూ ఉండగా సినిమా నడుస్తుంది. చెక్ ఇళ్ళల్లో ఆ రాత్రి భోజనం కార్ప్ చేప. పండక్కి రెండు మూడు రోజుల ముందు వీధిలో తొట్లు పెట్టి బతికిన చేపలు అమ్ముతారు. కొందరు తెచ్చి స్నానాల తొట్టిలో ఈదనిస్తారు. పిల్లలు దానికి పేరు పెట్టేస్తారు, తర్వాత దాన్ని కోయడానికి ఎవరికీ చేతులు రావు. అదే రాత్రి అక్రోటు చిప్పల్లో చిన్న కొవ్వొత్తులు నిలబెట్టి నీళ్ళ పళ్ళెంలో వదలడం ఒక ఆచారం. ఎవరి పడవ ఎటు వెళితే వాళ్ళ ఏడాది అలా గడుస్తుందని నమ్మకం. కాయ చిప్పలో భవిష్యత్తు చూసే అలవాటున్న దేశం కాబట్టే, కాయ పగలగొడితే గౌను వచ్చిందంటే అక్కడి పిల్లలకు వింతేమీ అనిపించదు.

అందరికంటే గట్టిగా పట్టుకున్నవాళ్ళు నార్వేవాళ్ళు. అక్కడ ప్రభుత్వ ఛానల్ ఎన్‌ఆర్‌కే డిసెంబరు 24 పొద్దున 11 గంటల ప్రాంతంలో వేస్తుంది. పొయ్యి మీద పాలలో బియ్యం ఉడుకుతూ ఉంటాయి. మన పరమాన్నానికి దూరపు చుట్టం అనుకోవచ్చు, కాకపోతే బెల్లం ఉండదు. పైన దాల్చినచెక్క పొడి, చక్కెర, మధ్యలో కరిగే వెన్న. లోపల ఒకే ఒక్క బాదంపప్పు దాచిపెడతారు. ఎవరి గిన్నెలో వస్తే వాళ్ళకు బహుమతి. ఆ జావకు, ఈ సినిమాకు లంకె పడిపోయింది.

నార్వేలో ఇంకో విశేషముంది. అక్కడి ప్రతిలో పాత్రకొక గొంతు లేదు. క్నూత్ రీసాన్ అనే ఒకే ఒక్క నటుడు అందరి మాటలూ చెబుతాడు. రాజు మాట ఆయనే, సవతి తల్లి మాట ఆయనే, పందొమ్మిదేళ్ళ పిల్ల మాటా ఆయనే. వెనక అసలు నటుల గొంతులు సన్నగా వినబడుతూనే ఉంటాయి. కొత్తవాళ్ళకు మొదటి పది నిమిషాలు నవ్వొస్తుంది. మనవాళ్ళకు అంత రాకపోవచ్చు. ఒక్క హరిదాసు చిడతలు పట్టుకుని రుక్మిణీ తనే, కృష్ణుడూ తనే, మధ్యలో పిట్టకథ చెప్పేదీ తనే అయితే కూర్చుని విన్న జాతి మనది. రీసాన్ చేసింది అదే. గొంతు మార్చి ఆడదానిలా నటించడు, సన్నివేశం ఏ మూడ్‌లో ఉందో ఆ మూడ్‌లోకి తను దిగుతాడంతే. డబ్బింగుకి ఖర్చు తగ్గించే పద్ధతిగా మొదలైన ఈ ఒంటిగొంతును తీసేసి కొత్త డబ్బింగ్ పెడతామంటే నార్వేలో ఇవాళ ఎవరూ ఒప్పుకోరు.

ఇక కథ. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో మంత్రాల ముసలమ్మ లేదు, గుమ్మడికాయ బండి లేదు. అవి ఫ్రెంచి కథలోవి. గ్రిమ్ కథ తర్వాతి ముద్రణల్లో తండ్రి సంతకు వెళుతూ పిల్లల్ని ఏం తేవాలని అడుగుతాడు. సవతి కూతుళ్ళు బట్టలూ ముత్యాలూ అడుగుతారు. ఈ పిల్ల మాత్రం తిరిగొచ్చేటప్పుడు నీ టోపీకి మొదట తగిలిన కొమ్మ తెమ్మంటుంది. అది హేజెల్ కొమ్మ. తల్లి సమాధి దగ్గర నాటి, కన్నీళ్ళతో తడిపి చెట్టు చేస్తుంది. ఆ చెట్టు మీది పక్షి బట్టలు పడేస్తుంది. సినిమాలో తండ్రి చనిపోయాడు, ఆ అడగడం నౌకరు వింత్సెక్‌కు వచ్చింది. దారిలో నీ ముక్కుకు ఏది తగిలితే అది తెమ్మంటుంది ఆషెన్‌బ్రోడెల్. బండిలో కునుకు తీస్తున్న వింత్సెక్ ముఖం మీద, అడవిలో ఆకతాయిగా తిరుగుతున్న రాకుమారుడు బాణంతో కొట్టిన గూడు ఊడిపడుతుంది. అందులో మూడు హేజెల్ కాయలు. ఈ మార్పు చిన్నదే, కానీ పనితనం ఎంతుందో చూడండి. గ్రిమ్‌లో కొమ్మ దానంతటది తగిలింది. ఇక్కడ రాకుమారుడే తనకు తెలియకుండా పిల్లకు మూడు కాయలు పంపాడు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోకముందే కథ ముడిపడింది.

మూడు కాయల ఆలోచన గ్రిమ్‌ది కాదు, చెక్ రచయిత్రి బోజెనా న్యెమ్త్సోవా 19వ శతాబ్దంలో తమ ప్రాంతపు కథల్లోంచి రాసిపెట్టినది. చెక్‌వాళ్ళు ఇది మా న్యెమ్త్సోవా కథ అంటారు, జర్మన్లు మా గ్రిమ్ కథ అంటారు. ఇద్దరిదీ నిజమే. గింజలు ఏరే సన్నివేశం చూస్తే గ్రిమ్ కనబడతాడు. అక్కడ సవతి తల్లి ఒక గిన్నెడు మసూర్ గింజలు బూడిదలో పోసి రెండు గంటల్లో ఏరమంటుంది. ఏరేస్తే, ఈసారి రెండు గిన్నెలు పోసి ఒక్క గంటే ఇస్తుంది. పని రెట్టింపు, సమయం సగం. పావురాలు వచ్చి ఏరి పెడతాయి. సినిమాలోనూ పావురాలే వస్తాయి.

వదిలేసినవీ ఉన్నాయి. గ్రిమ్‌లో చెప్పు పట్టడం కోసం ఒక సవతి కూతురు కాలి బొటనవేలు కోసుకుంటుంది, రెండోది మడమ చెక్కుకుంటుంది. తర్వాతి ముద్రణల్లో చివరకు పావురాలు వాళ్ళ కళ్ళు పొడుస్తాయి. సినిమాలో ఇదేమీ లేదు. సవతి చెల్లెలు కూడా ఒక్కతే, పేరు డోరా. తల్లీ కూతుళ్ళకు పడిన శిక్ష ఏమిటంటే, ఆషెన్‌బ్రోడెల్ బట్టలు కాజేసి మంచుబండిలో పారిపోతూ చెరువులో పడి తడిసి ముద్దవడం. ఐదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని చూడగలగడానికి ఇదొక కారణం. పాపం అనిపించేలోపే నవ్వొస్తుంది.

అసలు ఈ సినిమాను ఎండాకాలంలో తీద్దామనుకున్నారు. పచ్చటి పచ్చిక, పూలు, పల్చటి బట్టలు. డెఫావాళ్ళు అడ్డం పడ్డారు. వాళ్ళ స్టూడియోలో సిబ్బందికి ఏడాదంతా జీతాలు. ఎండాకాలంలో అందరూ బయట షూటింగుల్లో ఉంటారు, చలికాలంలో చేతిలో పని ఉండదు. చలికాలంలో తీస్తే మనుషులనిస్తాం అన్నారు. సంస్కృతి మంత్రిత్వ శాఖలో ఎవరికో కల వచ్చి మంచు సినిమా పుట్టలేదు, హాజరు పట్టీ చూసుకుంటే పుట్టింది. 1972-73 చలికాలంలో షూటింగ్ మొదలయ్యింది. ఆ మార్పుతో బట్టలు మారాయి, గుర్రాల పని మారింది, రాకుమారుడి మొదటి పరిచయం మారింది. అతను లేడి మీద బాణం గురిపెడితే పొద చాటునుంచి పిల్ల విసిరింది ఒక మంచుముద్ద. ఎండాకాలంలో ఏం విసిరి ఉండేదో!

చలికాలమని మంచు పడాలని రూలేం లేదు. కోట ఉన్న జర్మనీ సాక్సనీ మైదాన ప్రాంతంలో డిసెంబరు, జనవరి అంటే సగం రోజులు బురద. చెక్ దేశపు షుమావా కొండల్లోనైతే మంచు దొరుకుతుంది గానీ కోటలు కొండల మీద లేవు. ఒకే సన్నివేశంలో ఒక షాటులో తెల్లటి నేల, మరో షాటులో నల్లటి బురద ఉంటే కుదరదు కదా. అందుకే చేపపొడి.

నకిలీ మంచుకు ఏం కావాలో ఒక్కసారి లెక్కవేస్తే ఆ పని ఎంత కష్టమో అర్థమవుతుంది. గాలికి ఎగరకూడదు, వెలుగులో పసుపు తిరగకూడదు, గుర్రం నోట్లో పెట్టుకున్నా చావకూడదు, చవగ్గా టన్నులకొద్దీ దొరకాలి. ఉప్పు చల్లితే గుర్రం గిట్టలు, తోలు చెప్పులు పాడవుతాయి, ఆ నేలలో మళ్ళీ గడ్డి మొలవదు. సున్నంపొడి కళ్ళు మండిస్తుంది. అగ్నిమాపక నురగ అందంగా ఉంటుంది కానీ నాలుగు అడుగులు వేసేసరికి చదునైపోతుంది. చేపపొడి బరువుగా నేలకు అంటుకుంటుంది, అడుగుజాడ నిలుస్తుంది. ఒక్కటే చిక్కు. అది ఎండబెట్టి పొడిచేసిన మాంసకృత్తులు. తడి తగిలితే కుళ్ళడం మొదలు. పొద్దున చల్లింది మధ్యాహ్నానికి నానుతుంది, బట్టల అంచులకు పట్టుకుంటుంది, వెచ్చటి గదిలోకి వచ్చేసరికి విశ్వరూపం చూపిస్తుంది. పొడుగాటి రాణీగారి గౌన్లను రోజూ ఉతకడం కుదిరే పని కాదు.

ఏది నిజం మంచో ఏది కాదో తెలుసుకోవాలంటే ముఖాలు కాదు, గుర్రాల కాళ్ళు చూడాలి. నిజం మంచులో పరిగెత్తే గుర్రం గిట్టల వెనక ముద్దలు ముద్దలుగా ఎగురుతాయి. పొడి మీద పరిగెత్తితే దుమ్ము లేస్తుంది. అంచులు చూడండి. నిజం మంచు రాయి మీద, కొమ్మ మీద, గోడ మీద ఒకే మందాన పేరుకుంటుంది. పోసినది నేల మీద మాత్రమే ఉండి, గోడ అంచులో సన్నటి గీతలా ఆగిపోతుంది. నటుల నోటినుంచి ఆవిరి వస్తోందా లేదా అన్నది ఇంకో గుర్తు. చివర్లో రాకుమారుడు, ఆషెన్‌బ్రోడెల్ రెండు గుర్రాల మీద పరిగెత్తే ఆ పొడవాటి షాటులో ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. అంత మైదానాన్ని కప్పాలంటే బాల్టిక్ సముద్రంలో చేపలు మిగిలేవి కావు.

స్టూడియోలో పుట్టించిన వెన్నెలను నిజం వెన్నెలకంటే ఎక్కువ ప్రేమించినవాళ్ళం మనం. కాబట్టి ఈ నకిలీ మంచు గుట్టు తెలిశాక మోసపోయామని బాధపడక్కర్లేదు.

మంచులో ఫిల్మ్ మీద తీయడమంటే కెమెరామన్‌కు వేరే తలనొప్పి. ఇక్కడ కెమెరా యోసెఫ్ ఇల్లీక్‌ది. తెల్లటి నేల అంతా వెలుగు తిరగ్గొడుతుంది కాబట్టి లైట్‌మీటరు చెప్పినట్టు తీస్తే మంచు బూడిద రంగులోకి, ముఖాలు నలుపులోకి వెళతాయి. మీటరు చెప్పినదానికంటే ఒకటి, ఒకటిన్నర స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) ఎక్కువ తెరవాలి. మరీ తెరిస్తే మంచు అంతా సున్నం వేసిన గోడలా చదునైపోతుంది. నీడలో మంచు నీలంగా పడుతుంది, అది ఆకాశం రంగు. ఈ సినిమాలో ఆ నీలాన్ని పూర్తిగా సరిదిద్దకుండా వదిలేసినట్టుంది. చూసినవాళ్ళ జ్ఞాపకాల్లో ఆ సినిమా నీలంగా ఉండడానికి కారణం అదే అనిపిస్తుంది. పైగా ఆ ప్రాంతంలో డిసెంబరు చివర పగలు ఎనిమిది గంటలకు మించి ఉండదు. పొద్దున మేకప్‌కు కూర్చోవాలి, మధ్యాహ్నం మూడు దాటితే వెలుగు జారిపోతుంది.

గుర్రాల సంగతి ఇంకా ఉంది. మెత్తటి తడి మంచులో గుర్రం నడిస్తే గిట్ట కింది లాడం మధ్య మంచు ఉండలా గట్టిపడుతుంది. నాలుగు కాళ్ళకూ ఉండలు కట్టిన గుర్రం ఎత్తుచెప్పులేసుకున్నట్టు తూలుతుంది, కాలు మడత పడుతుంది. పాతకాలం విరుగుడు గిట్ట అడుగున కొవ్వో, గ్రీజో దట్టంగా పూయడం. షాటుకు షాటుకు మధ్య కాళ్ళెత్తి చూసి, పేరుకున్నదాన్ని గిట్ట కొక్కెంతో గీకి తీస్తారు. సినిమాలో తెల్లగుర్రం పేరు జర్మన్‌లో నికొలౌస్, చెక్‌లో యురాషెక్. పాత్రలో దానికి గడ్డి తినడం, పరిగెత్తడం తప్ప పనిలేదనిపిస్తుంది గానీ, ఆ పిల్లకు ఇంట్లో మిగిలిన స్నేహితులు మూడే: ఆ గుర్రం, ఒక కుక్క, ఒక గుడ్లగూబ. గుడ్లగూబ మనకు అపశకునం, ఇక్కడ తల్లిగారి నగలపెట్టెకు కాపలా. చెక్‌లో దాని పేరు రోజార్కా, జర్మన్‌లో రొజాలీ. చిన్నపిల్లలకు మొదటిసారి చూపించేటప్పుడు ఇది ముందే చెప్పి ఉంచితే భయపడరు.

కాయల్లోంచి వచ్చే బట్టల వరుస గుర్తుంచుకోదగ్గది. మొదటి కాయలో వేటగాడి దుస్తులు, రెండోదాంట్లో నాట్యానికి గౌను, మూడోదాంట్లో పెళ్ళిబట్టలు. మొదటిది గౌను కాకపోవడంలోనే ఈ సినిమా గొప్పంతా ఉంది. ఆ పిల్ల ముందు రాకుమారుడి వేటలో మగవాడి వేషంలో దిగి, చెట్టు చిటారున ఉన్న పైన్ కాయను క్రాస్‌బోతో కొట్టి అతని చేతనే ఉంగరం తొడిగించుకుంటుంది. గౌను వేసుకుని వెళ్ళినప్పుడు ముఖం మీద ముసుగుంటుంది, పెళ్ళి మాట ఎత్తిన అతనికి పొడుపుకథ వేస్తుంది. బుగ్గల మీద మసి ఉన్నా పొగగొట్టాలు తుడిచేవాడు కానిదెవరు, భుజాన విల్లున్నా వేటగాడు కానిదెవరు, వెండి జరీ గౌను వేసుకున్నా రాకుమార్తె కానిదెవరు, ఇదీ దాని సారం. అప్పటికి విప్పలేకపోతాడు. 1973లో ఆడపిల్ల అబ్బాయిని పరీక్షపెట్టి నెగ్గాకే ఒప్పుకున్న కథ ఇది. జర్మనీలో ఆ తరం ఆడవాళ్ళకు ఈ సినిమా మీద అంత మమకారం ఉండడానికి చెప్పు కంటే విల్లే కారణమని గట్టిగా చెప్పవచ్చు.

ఆ బట్టలు వేసింది చెక్ చిత్రకారుడు థియోడర్ పిష్టేక్. తర్వాత మోట్సార్ట్ మీద అమెరికా సినిమాకు బట్టలు వేసి ఆస్కార్ తెచ్చుకున్నాడు. కాలం ఏదో ఒక్కటని చెప్పలేం. పాత ఫ్లెమిష్ పటాల్లో మంచులో నడిచే వేటగాళ్ళను తలపించే బిగుతు మేజోళ్ళు, ఈకల టోపీలు. కోటేమో ఆ తర్వాతి కాలపు బరోక్ కట్టడం. రెండూ కలవకూడదు, కలిశాయి. సవతి తల్లి నాట్యానికి పెట్టుకొచ్చిన టోపీ చూడండి, గబ్బిలం రెక్కలు విప్పినట్టుంటుంది. మాటల్లో ఆమె చెడ్డది అని చెప్పకుండా టోపీ చేత చెప్పించాడు. నాట్యంలో రాకుమారుడిని బొంగరంలా తిప్పేసే బొద్దు రాకుమార్తె చెక్ హాస్యనటి హెలెనా రూజిచ్కోవా. ఆ ఒక్క నాట్యం కోసమే టీవీ ముందుకొచ్చి, అది అయిపోగానే వంటింట్లోకి వెళ్ళిపోయే పెద్దవాళ్ళుంటారు.

ఆషెన్‌బ్రోడెల్‌గా చేసిన లిబుషె షఫ్రాంకోవాకు అప్పుడు 19 ఏళ్ళు. 2021 జూన్‌లో పోయింది. ఆ రోజుల్లో జర్మన్ వార్తల్లో ఆమె వేరే సినిమాల ఊసు దాదాపు లేదు, అందరూ ఇదే తలుచుకున్నారు. రాకుమారుడు పావెల్ త్రావ్నీచెక్. తమాషా ఏమిటంటే చెక్ ప్రతిలో కూడా అతని గొంతు అతనిది కాదు. మొరావియా యాస గట్టిగా ఉందని ఇంకో నటుడు పేత్ర్ స్వోయ్త్కా చేత చెప్పించారు. రాజు రోల్ఫ్ హోప్పె, సవతి తల్లి కారొలా బ్రౌన్‌బోక్, తూర్పు జర్మనీవాళ్ళు. సెట్లో ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు. రాజు జర్మన్‌లో తిడితే కొడుకు చెక్‌లో గొణుగుతాడు. తర్వాత రెండు భాషలకూ విడివిడిగా డబ్బింగ్ చేశారు. అందుకని ఏ ప్రతి చూసినా ఎవరో ఒకరి పెదవులు మాటకు కలవవు. పెదవులు కలవలేదని టీవీని తిట్టుకోవద్దు, తప్పు దానిది కాదు. హోప్పె అప్పటికే డెఫా రెడ్ ఇండియన్ సినిమాల్లో దుష్టుడిగా పేరు మోసినవాడు. ఇక్కడ భార్య మాటకు కట్టుబడిన అమాయకపు రాజు.

పాట విషయంలో రెండు ప్రతులకూ పెద్ద తేడా ఉంది. బాణీ కారెల్ స్వొబోదాది. చెక్ ప్రతిలో దానికి మాటలున్నాయి, పాడింది చెక్ గాయకుడు కారెల్ గోట్. జర్మన్ ప్రతిలో మాటల్లేవు, వాయిద్యమే. జర్మన్ పిల్లలు దశాబ్దాలపాటు ఆ బాణీని ‘లా లా లా’ అంటూనే పెరిగారు. 2009లో ఎల్లా ఎండ్లిష్ జర్మన్ మాటలు పెట్టి పాడింది. మాటల్లేని బాణీయే బాగుందనేవాళ్ళు ఇంకా ఎక్కువమంది, వాళ్ళతోనే ఏకీభవించాలనిపిస్తుంది. ఇదే స్వొబోదా, ఇదే గోట్ కలిసి మాయా తేనెటీగ టీవీ కార్టూన్‌కు జర్మన్ పాట చేశారు. ఒక తరం జర్మన్ పిల్లల చెవుల్లో చెక్ బాణీలే నిండి ఉన్నాయి, వాళ్ళకా సంగతి తెలియకుండానే.

తెర మీద కనబడని పేరు ఒకటి ఉంది. స్క్రీన్‌ప్లే రాసింది ఫ్రాంతిషెక్ పవ్లీచెక్. 1968లో ప్రాగ్‌లోకి సోవియట్ ట్యాంకులు వచ్చాక ఆయన మీద నిషేధం పడింది, ఎక్కడా పేరు అచ్చు కాకూడదు. బోహుమిలా జెలెన్కోవా అనే ఆమె తన పేరు అరువిచ్చింది. టైటిల్స్‌లో ఆమె పేరే పడింది. 1989లో ఆ ప్రభుత్వం పోయాకే అసలు సంగతి బయట చెప్పుకోగలిగారు. మారువేషంలో వచ్చి గెలిచిన పిల్ల కథను మారుపేరు చాటున ఉన్న మనిషి రాశాడు. పాత టేపులో చూసినా, కొత్త ప్రతిలో చూసినా ఆ వరుస దగ్గర ఒక్క క్షణం ఆపి చదవండి.

జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్ళ పిల్లలకు కిండర్‌గార్టెన్‌లోనే ఈ సినిమా సంగతి తెలిసిపోతుంది, ఇంటికొచ్చి అడుగుతారు. సినిమా గంటన్నర లోపే. మాటలు తక్కువ, నెమ్మదిగా పలుకుతారు, జర్మన్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పెద్దలకు కూడా అందుతుంది. డిసెంబరులో ఏఆర్‌డీ మెడియాతేక్‌లో (ఇంటర్నెట్‌లో ఆ ఛానల్ వీడియోలు పెట్టే చోటు) ఉచితంగా పెడుతుంటారు, దేశం బయటినుంచి మాత్రం తెరుచుకోకపోవచ్చు. డీవీడీ కొంటే చెక్ ధ్వని కూడా ఉందేమో వెనక అట్ట మీద చూసి కొనండి, గోట్ పాట కోసం. ముందు జర్మన్‌లో చూసి, మర్నాడు పాట దగ్గర మాత్రం చెక్‌కు మార్చి వినిపిస్తే పిల్లలు రెండు సినిమాలు అనుకుంటారు.

కోట చూడాలంటే మోరిత్స్‌బుర్గ్ వెళ్ళాలి. డ్రెస్డెన్‌కు ఉత్తరంగా పది పదిహేను కిలోమీటర్లు. చెరువు మధ్య దిబ్బ మీద, నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు. 16వ శతాబ్దంలో సాక్సనీ పాలకుడు మోరిత్స్ వేట విడిదిగా కట్టించాడు, 18వ శతాబ్దంలో బలశాలి ఆగస్టస్ పెంచి కట్టించాడు. సినిమాలో కనబడేది బయటి భాగమే. నాట్యశాల ఇక్కడ లేదు, డెఫావాళ్ళ బాబెల్స్‌బెర్గ్ స్టూడియోలో వేసిన సెట్ అది. లోపలికి వెళ్ళి ఆ హాలు ఎక్కడని వెతికి నిరాశపడేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. లోపల చూడాల్సినవి వేరే: రంగులు వేసిన తోలు గోడలు, జింక కొమ్ములు, ఈకలతో నేసిన మంచం తెరలు. నవంబరు మధ్యనుంచి ఫిబ్రవరి చివరిదాకా సినిమా ప్రదర్శన పెడతారు. దానికి సమయం వేసిన టికెట్టు ముందే ఇంటర్నెట్‌లో కొనాలి. డిసెంబరు శనివారాలు, ఆదివారాలు గుమ్మంలో దొరుకుతాయనుకోవద్దు. సవతి తల్లి ఇల్లుగా చూపించిన ష్విహోవ్ కోట చెక్ దేశంలో, ప్ల్జెన్‌నుంచి క్లాతొవికి వెళ్ళే రైలు దారిలో ఉంది. చెక్ కోటలు చాలావరకు చలికాలంలో మూసేస్తారు కాబట్టి రెండూ ఒకే ప్రయాణంలో అంటే కుదరదు.

మోరిత్స్‌బుర్గ్‌కు కారులో వెళ్ళి పార్కింగ్ కోసం చుట్లు కొట్టడంకంటే రాడెబొయిల్ తూర్పు స్టేషన్ దాకా లోకల్ రైలెక్కి, అక్కడ పొగబండి ఎక్కడం మేలు. 1884లో వేసిన దారి, పట్టాల మధ్య వెడల్పు 750 మిల్లీమీటర్లే. అరగంట ప్రయాణం. దిగాక కోటకు ఇరవై నిమిషాల నడక. పిల్లలకు తడవని బూట్లు, అదనంగా ఒక జత సాక్సులు తప్పనిసరి. ఆ గుట్టు తెలిసినవాళ్ళు కోట బయటి మెట్ల దగ్గరికే నేరుగా వెళతారు, ఆషెన్‌బ్రోడెల్ చెప్పు జారిన చోటుకు. అక్కడ ఒక మెట్టు మీద కంచుతో పోసిన చెప్పు అతికించి ఉంటుంది. మంచు పడిన రోజైతే కప్పబడిపోయి కనబడదు, చేత్తో తుడిచి వెతకాలి. చేతులకు చేప వాసన మాత్రం రాదు. తిరుగు పొగబండి సాయంత్రం చివరిది ఎన్నింటికో దిగేటప్పుడే స్టేషన్ పలక మీద చూసుకోండి. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి.